బిల్లు పుస్తకం వెనక అట్ట

యూరియా బస్తా తూకం నలభై అయిదు కిలోలు.
లారీ నుంచి దించేటప్పుడు ఎక్కడో ఒకటి చిరుగుతుంది.
కొట్టు నేల మీద దొర్లిన తెల్ల గుళికల్ని
చీపురుతో పోగేసి, వెనక తలుపు తీసి
గెడ్డలోకి తోసేసేవాణ్ణి.
పదకొండేళ్లు.
అది తప్పని అప్పుడు తెలీదు.
ఇప్పుడూ పూర్తిగా ఒప్పుకోను:
పొలాల నుంచి వాన దించుకొచ్చేదాని ముందు
నా చీపురెంత?

వేగావతిలో కలిసే ముందు ఆ గెడ్డ
మా కొట్టు వెనకే ఒక వంపు తిరుగుతుంది.
ఆ వంపులో మోకాలి లోతున
దాలమ్మ నత్తలేరేది.
ఒక ఏడు నత్తలు విరగ్గాశాయి.
నాచు ఆమె పిక్కలకి తడి జుట్టులా చుట్టుకుంటే
పీక్కుంటూ నవ్వేది:
"మీ మందు పంటకే గాదు బాబూ,
నత్తక్కూడా పడీసింది!"
నేనూ నవ్వాను. కొట్టు యజమానికి చెప్తే
ఆయనా నవ్వాడు.

తర్వాతి ఏడు ఆశ్వయుజంలో, ఇంకా తెల్లారకముందే
దాలమ్మ తలుపు కొట్టింది.
టార్చి వేసి చూశాను.
నత్తలన్నీ నీళ్లలోంచి గడ్డికాడల మీదికి ఎక్కేశాయి,
ఇంట్లో పొగ కమ్మితే
పిల్లల్నెత్తుకుని వీధిలో నిలబడే జనంలా.
పీతలు రాళ్ల మీద, గట్టు మీద,
మా మెట్ల మీద.
ఏ ఒక్కటీ పారిపోలేదు.
"ఏరక్కర్లేదు, కోసుకోడమే" అంది దాలమ్మ.
రెండు గంపలు నింపింది.
సోమవారం సంతలో తొందరగా అమ్ముడుపోయి
మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసింది.

ఎనిమిది రోజులకి గెడ్డ కంపు కొట్టింది.
ఖాళీ గుల్లలు ఒడ్డుకి తేలి
ఒకదానికొకటి తగిలి
చిల్లర నాణేల్లా చప్పుడు చేశాయి.

బొబ్బిలి కాలేజీ నుంచి బెవర మోహిని మేడం వచ్చింది.
చిన్న వల, ఒక తెల్ల పళ్లెం.
చెప్పులు విప్పి, గెడ్డలో రాళ్లని కాలితో కలిపి,
పళ్లెంలో పడ్డవాటిని
మా బెంచీ మీద కూర్చుని లెక్కపెట్టింది.
తెచ్చుకున్న కాగితం తడిసిపోతే
బిల్లు పుస్తకం వెనక అట్ట ఇచ్చాను.

రాతికి అంటుకుని ఉండే మూడు తోకల పురుగు: లేదు.
ఇసక రేణువులతో గూడు కట్టుకునేది: లేదు.
తూనీగ పిల్ల: ఒకటి, కదల్లేదు.
ఆల్చిప్ప: రెండు, ఖాళీవి.
ఎర్ర పురుగు: నాలుగు వందల పన్నెండు.

మొత్తం చూసుకునే అలవాటు నాది.
"నాలుగొందల పైనే ఉన్నాయి కదా మేడం,
బాగానే ఉన్నట్టు కదా?"
ఆవిడ పెన్ను మూత వెతుక్కుంటోంది.
గుమ్మంలో కూర్చున్న దాలమ్మ అంది:
"సంత నిండా ఉప్పుకొట్లే ఎట్టీసినారనుకో,
ఏటొండుకుంటావు?"

ఆ ఎర్ర పురుగు
గాలి ఆడని బురదలో బతకడానికి
ఒంట్లో నెత్తుటి రంగు దాచుకుందట.
దాని తప్పేం లేదు.
మిగతావాటికి ఆ ఉపాయం తెలీదు, అంతే.

దాలమ్మ ఇప్పుడు జీడిపిక్కలు ఒలవడానికి వెళ్తోంది.
వేళ్లు నల్లగా, పొట్టు రేగి.
నీళ్లలో నానిన వేళ్లే నయం అంటుంది.

ఈ ఖరీఫ్‌లోనూ రైతులొస్తారు.
"ఎకరాకి రెండు బస్తాలు చాలవా?" అంటాను.
"పక్కోడు మూడేసినాడు."
మూడూ రాస్తాను. కార్బన్ కింద మూడే పడుతుంది.

పుస్తకం అయిపోయాక ఆడిటరుకి ఇచ్చే ముందు
ఆ అట్ట చింపి ఉంచుకున్నాను.
చిందిన గుళికలు గెడ్డలోకి తోయడం మానేశాను,
మూల నీలం డ్రమ్ములో పోస్తున్నాను.
మొన్నటికి అది నిండింది.
పక్కన ఇంకో డ్రమ్ము పెట్టాను.
మొదటిదాన్ని ఎక్కడ ఒంపాలో
మేడాన్ని అడగడం మర్చిపోయాను.